సముద్రం చూడని టీచరమ్మ

పోయిన వారం మా ఊరి బడి గోడకు ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని మీద టీచరమ్మ ఫొటో, చుట్టూ బంతిపూల బొమ్మలు, కింద పెద్ద అక్షరాలతో "ఎవరికీ ఎదురు చెప్పని శాంతమూర్తికి కన్నీటి నివాళి" అని ఉంది. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతాను గనక ప్రతి మాట దగ్గరా ఆగుతాను. "ఎదురు చెప్పని" దగ్గర ఆగినదాన్ని ఇక ముందుకు పోలేకపోయాను.

పాలకేంద్రం నడిపే ఆయప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడూ ఇప్పుడూ బడి కమిటీకి పెద్ద ఆయనే. ఫ్లెక్సీ వేయించిందీ ఆయనే.

"ఏమత్తా, బాగుండాదా?" అన్నాడు.

"ఫొటో బాగుండాది. రాతే తప్పు."

"యాడ? అచ్చు తప్పు పడిందా?"

"అచ్చు కాదప్పా. ఆయమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదని రాసినావే, మరి ఆపొద్దు నీకు చెప్పింది ఎవరు? ఆయమ్మ అక్కా?"

"పోయినోళ్ళ గురించి మంచి మాట రాసేది మర్యాద గదత్తా."

"ఎదురు చెప్పింది అని రాయి. అదే మంచి మాట."

ఆయన నవ్వి ఫోను తీసి చూసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి మనవరాలి నోటుపుస్తకంలో వెనక మిగిలిన కాగితాలు చించుకుని ఇది మొదలుపెట్టాను. ఆమె పేరు నేను రాయను. పేరు ఫ్లెక్సీ మీద ఉంది. ఆమె మాత్రం అక్కడ లేదు.

టీచరమ్మ మైదుకూరు పక్కనుంచి వచ్చింది. మాది ఆలూరు అవతల వానను నమ్ముకున్న ఊరు. బడికి ఒకే గది, ఒకే టీచరు. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు చీలమండల పైకి ఎత్తి కట్టి, ఎక్కడో పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చినట్టు నడిచేది. కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. ఆ కుర్చీ వీపు మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఆరేసి ఉండేది. అది ఎంతసేపటికి ఆరుతుందో పిల్లలు కనిపెట్టి చెప్పాలి. ఆరిన గుడ్డను వాళ్ళ ముక్కుల కింద ఆడించి అడిగేది, "నీళ్ళు యాడికి పోయినాయి?" అని. ఎవరో ఒకరు "అయిపోయినాయి" అంటారు గదా. ఆ మాట అంటే ఆమెకు పడదు. "నీళ్ళు చావవు. యాడికో పోయింటాయి, అంతే" అనేది.

ఆమెలో నాకు మొదట నచ్చింది సుద్దముక్క. గోళ్ళ సందున పట్టుకోవడానికి కూడా వీల్లేనంత చిన్నదయ్యేదాకా దాంతోనే రాసేది. అప్పుడు కూడా పారేయకుండా కొంగున ముడి వేసుకునేది. ముడి నిండితే పొడి చేసి, బడి ముందర పిల్లల చేత ముగ్గు వేయించేది. ఒక వస్తువును చివరిదాకా వాడే మనిషి మీద నాకు గౌరవం. అలాంటివాళ్ళు తక్కువ.

నచ్చనిది కూడా చెప్పాలి. ఒక పొద్దు ఏదో జాబితా రాసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. నేను బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు పోసి, మొహాలు కడిగిన నీళ్ళు తొట్టిలోంచి తీసి గిన్నెలు తోమి, ఆ నీళ్ళు తీసుకుపోయి మిరపచెట్ల మొదట్లో పోస్తున్నాను. రాసుకోవడం మరిచిపోయి నా వెంబడే తిరిగింది. "మీ ఇంట్లో నీళ్ళకు ఎంత పని పెట్టినావు పెద్దమ్మా" అంది. సరే, మెచ్చుకుంది అనుకున్నాను. మరుసటి పొద్దున చూస్తే బడి మొత్తాన్ని నా వాకిట్లో నిలబెట్టింది. నన్ను అడగలేదు, పెట్టలేదు.

"నా ఇల్లేమన్నా బడి అనుకున్నావా?" అన్నాను.

"బడిలో ఎనుము లేదు పెద్దమ్మా" అని, పిల్లల వైపు తిరిగి, "ఈ నీళ్ళు పొద్దున యాడుండాయి, ఇప్పుడు యాడుండాయి?" అని మొదలుపెట్టింది. పాఠం అయ్యేదాకా కదల్లేదు. అంత మొండిది.

ఆమె నోట ఎక్కువగా వచ్చే మాట ఇంకొకటి ఉంది. "నేను చూళ్ళేదు." తను చూడనిది చూసినట్టు ఒక్కనాడు చెప్పలేదు. బడికి ఒక పటం వచ్చింది. దాంట్లో నీలం సముద్రం, ఓడ, కొబ్బరిచెట్టు, నవ్వుతున్న సూర్యుడు. నా మనవరాలు ఇంటికొచ్చి ఆ పాఠం పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక పిల్లవాడు లేచి, "అవతలి గట్టు యాడుండాది టీచర్?" అన్నాడంట.

"నేను చూళ్ళేదు. చూసినోళ్ళు కనపడదంటారు."

"ఆ నీళ్ళు ఎవరివి?"

"ఎవరివీ కాదు."

"మరి బిందెలు ఎవరి తర్వాత ఎవరు పెడతారు?"

దానికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శానాసేపు నవ్విందంట. వాడు మటుకు నవ్వలేదంట. జవాబు కోసం నిలబడే ఉన్నాడంట.

సముద్రం చూడని మనిషి సముద్రం పాఠం చెబుతోందని ఊర్లో ఎగతాళి చేశారు. పాలు పోయడానికి పోయినప్పుడు నా చెవులతో విన్నాను. ఆమె కూడా చెంబు పట్టుకుని అక్కడే ఉంది.

"చూడకుండానే ఎట్ల చెప్తావు టీచర్?" అన్నాడు పాలకేంద్రం ఆయప్ప, నలుగురూ వినేటట్టు.

"మీ ముత్తాతను చూసినావా అప్పా?"

"లేదు."

"మరి నువ్వెట్ల పుట్టినావు?"

ఆ పూట ఆయన నా పాలు రెండుసార్లు కొలిచాడు. శాంతమూర్తి అంట.

బడి వెనక ఒక చేతిబోరు ఉంది. ఉప్పునీళ్ళు, పశువులు కూడా మూతి పెట్టవు. ఆమెకు అదే సముద్రం. వెడల్పాటి సత్తు పళ్ళెంలో ఆ నీళ్ళు పోసి బండ మీద పెట్టేది. మధ్యాహ్నానికి నీళ్ళు పోయి తెల్లటి పొర మిగిలేది. పిల్లలందరూ వేలు పెట్టి నాకేవాళ్ళు. "ఎండకు ఉప్పు మోసే బలం లేదు. మంచినీళ్ళు మటుకే ఎత్తుకుపోతాది. సముద్రం అంత ఉప్పగున్నా వాన చప్పగుండేది అందుకే" అని చెప్పేది. అంత వయసొచ్చినా నాకు ఆ సంగతి తెలియదు. మనవరాలు చెబితే, దానికి తెలియకుండా నేనూ ఒక పళ్ళెం ఎండకు పెట్టి చూశాను. నిజమే.

ఇక అసలు సంగతి.

పత్తి తీసేది అయిపోగానే మా ఊర్లో సగం మంది సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఇక్కడ పని లేని నెలల్లో పని ఉన్న చోటికి పోవడం. లారీల్లో ఎక్కి గుంటూరు పక్క మిరపకోతలకు పోతే మళ్ళీ ఉగాదికే రావడం. నా కొడుకు, కోడలు కూడా పోయారు. పిల్లల్ని మాలాంటి ముసలోళ్ళ దగ్గర వదిలిపోతారు. మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు.

అప్పట్లో కొళాయికి మంచినీళ్ళు నాలుగు దినాలకు ఒకసారి వచ్చేవి. ఆపొద్దు పట్టిన బిందె వసారాలో పెట్టి, ఎనుముకు గడ్డి వేయడానికి పోయాను. తిరిగొచ్చేసరికి బిందె బోర్లా పడి ఉంది. వాకిలంతా తడి. మనవరాలు ఆ తడి పక్కన గొంతుకూర్చుని, పొయ్యి మీద అన్నం కాపలా కాస్తున్నట్టు చూస్తోంది. నేను ఒక్కటి వేశాను.

"ఏం పని చేసినావే?"

"పైకి పంపిస్తాండా అవ్వా."

"ఏంది పంపించేది?"

"నీళ్ళు. ఎండకు పైకి పోయి మోడాలయితాయి. వాన పడతాది. వాన పడితే అమ్మ సుగ్గికి పోదు గదా."

విన్న తర్వాత కొట్టి ఉంటే నేను మనిషిని కాను. కానీ కొట్టిన తర్వాత విన్నాను. అదీ పెద్ద తేడా కాదు.

అంతలో పక్కింట్లో అరుపు. దాని పక్కింట్లో ఏడుపు. తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది బిందెలు. అమ్మానాయిన సుగ్గికి పోయిన పిల్లలందరూ బడిలో మాట్లాడుకుని, కొళాయి వచ్చిన పొద్దు చూసుకుని, ఎవరింట్లో వాళ్ళు కుమ్మరించారు. ఒక గింజ వేస్తే గంపెడు వచ్చేది చూసి పెరిగిన పిల్లలు. ఒక బిందె వేస్తే చెరువు వస్తుందని వాళ్ళకు తోచింది.

మరుసటి పొద్దున ఊరంతా బడి ముందర చేరింది. నేనూ పోయాను, కోపంతోనే. కమిటీ పెద్దగా పాలకేంద్రం ఆయప్ప మాట్లాడాడు. ఆ పూటకు మర్యాదగానే మాట్లాడాడు.

"టీచర్, జరిగింది జరిగిపోయింది. పిల్లోళ్ళను లేపి, పోసిన నీళ్ళు మళ్ళ రావు, నేను చెప్పింది ఉత్తదే అని ఒక్క మాట చెప్పు. ఇంగెవరూ బిందె ముట్టుకోరు. మేమూ మర్చిపోతాం. లేదంటే మండలానికి అర్జీ పోతాది, ఈ బడిలో నువ్వుండవు."

"తప్పు నాదే. మంచినీళ్ళు పోయగూడదని ముందే చెప్పల్ల, చెప్పలేదు. అది ఇప్పుడు చెప్తా. ఉత్తదే అని మటుకు చెప్పను."

"ఒక్క మాట గదమ్మా."

"ఆ ఒక్క మాట చెప్తే, రేపు రెండూ రెండూ నాలుగన్నా వీళ్ళు నా మొహం చూస్తారు, నిజమా ఉత్తదా అని."

వెనకనుంచి ఒక ముసలామె, "అయితే మా బిందె నీళ్ళు మళ్ళ వస్తాయా?" అంది.

"వస్తాయవ్వా. మన ఊరికే రావల్లని లేదు. శ్రీశైలం కొండ మీద పడొచ్చు. సముద్రంలోనే పడొచ్చు."

"నా బిందె సముద్రానికా?"

"సముద్రం ఇన్నేండ్లు నీకు పంపలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పిల్లల వైపు తిరిగి, ఇంట్లో నీళ్ళు పోసినవాళ్ళను లేవమంది. తొమ్మిది మంది లేచారు. "మంచినీళ్ళు పోసింది తప్పు. మీ అవ్వలకు, తాతలకు చెప్పండి తప్పయిందని. నేనూ చెప్తాండా" అని మా అందరికీ చేతులు జోడించింది. తర్వాత అదే గొంతుతో, "నీళ్ళు పైకి పోతాయనేది తప్పు కాదు. కూచోండి" అంది.

ఆ మాటతో అర్జీ తయారయింది. రాసిన ఆయప్ప ముందు నా దగ్గరికే తెచ్చాడు. నీళ్ళ దగ్గర నా గట్టితనం ఊరందరికీ తెలుసు. "నువ్వు పెడితే ఊరంతా పెడతాదత్తా" అన్నాడు. నేను కూడబలుక్కుని మొత్తం చదివాను.

"పిల్లోళ్ళకు లేనిపోనివి చెప్తాండాదని రాసినావు."

"అవును గద."

"నా బిందె పోయింది నిజం. అది రాయి. ఆయమ్మ చెప్పింది నిజం. అదీ రాయి. రెండూ ఉంటే సంతకం పెడతా."

"రెండూ రాస్తే అది అర్జీ ఎట్లయితాది?"

"అది నీ తంటా."

కాగితం మడుచుకుని పక్కింటికి పోయాడు. పక్కింటివాళ్ళు పెట్టారు. వాళ్ళ పక్కవాళ్ళూ పెట్టారు. ఆ సంతకాలు ఇల్లిల్లూ తిరుగుతుండగానే ఆమె బడిలో కొత్త పని మొదలుపెట్టింది. ఎర్రటి ఎండ వేళకు రోజుకొక పిల్ల చేతిబోరు కొట్టి, ఒక చెంబెడు ఉప్పునీళ్ళు తెచ్చి, దారిన పోయేవాళ్ళకు కనపడేటట్టు బండ మీద పోయాలి. "ఇవి మనకు పనికిరావు. పైకి పోతే ఎవరికన్నా మంచినీళ్ళయితాయి" అని చెప్పి పోయించేది. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళ కళ్ళముందే. భయపడి మానుకుంటుందేమోనని రెండు మూడు దినాలు చూశాను. మానలేదు.

అప్పుడు వాన పడింది. ఎవరూ అనుకోని కాలంలో, మిట్టమధ్యాహ్నం, వడగండ్లతో సహా. వాకిట్లో బిందెలు, గిన్నెలు, ఎనుము తొట్టి, ఇంట్లో గుంత ఉన్న ప్రతి వస్తువూ పెట్టాం.

మరుసటి పొద్దున మనవరాలిని దించడానికి బడికి పోతే, పాలకేంద్రం ఆయప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. చేతిలో బూందీ పొట్లం. మొహం వెలిగిపోతోంది. ఆ తొమ్మిది మంది పిల్లల్ని వరసగా నిలబెట్టాడు.

"టీచర్, ఇదో చూడు, అర్జీ ఈడనే నా జేబులో ఉండాది. ఇంగా పంపలేదు. మా బడి పిల్లోళ్ళు నీళ్ళు పోసి వాన తెప్పించినారని ఫోన్లో పెడతా, ఊరికి పేరొస్తాది. నువ్వు ఈ ఫోను ముందర ఒక్క మాట చెప్పు, వీళ్ళ నీళ్ళే వానై వచ్చినాయని. నీ ఎదురుగానే చించేస్తా."

చెబుతుంది అనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని. ఎవరికీ నష్టం లేని మాట. కొలువు నిలుస్తుంది, పిల్లలకు బూందీ వస్తుంది. ఆ తొమ్మిది మంది అప్పటికే బొటనవేళ్ళ మీద నిలబడి ఉన్నారు.

"తొమ్మిది బిందెలకు ఇంత వాన యాడొస్తాదప్పా?" అంది ఆమె. "ఇది సముద్రానిది. పిల్లోళ్ళది కాదు."

"అది ఎవరికి తెలుస్తాదిలే టీచర్."

"నాకు తెలుసు గద."

"నీ మంచికే చెప్తాండా."

"నా మంచి పక్కన పెట్టు. ఈపొద్దు మీ నీళ్ళకే వాన వచ్చిందని చెప్తాం. వచ్చే యేడు రాలేదనుకో. మేమే తక్కువ పోసినాం అనుకుంటారు ఈ పిల్లోళ్ళు. అమ్మ సుగ్గికి పోయేది మావల్లనే అనుకుంటారు. ఆ బరువు ఆరేళ్ళ పిల్ల మీద పెడతావా నువ్వు?"

ఆయన ఫోను జేబులో వేసుకున్నాడు. బూందీ పొట్లం కూడా తీసుకునే పోయాడు. అర్జీ ఆ మధ్యాహ్నం బస్సుకే పోయింది.

పదిహేను దినాల్లో ఆమెను ఇంకా అవతల ఉండే ఒక చిన్న పల్లె బడికి వేశారు. పోయే పొద్దు బస్సు దగ్గర ఒక సంచి, ఒక పెట్టె, ఆ సత్తు పళ్ళెం. నేను అటుగా పోతుంటే పిలిచింది.

"సంతకం పెట్టలేదంట పెద్దమ్మా. నాకోసం ఊరితో ఎందుకు?"

"నీకోసం కాదు. వాళ్ళ రాతలో తప్పుండాది."

"అంతేనా?"

"అంతే. నా బిందె మాట నేను మర్చిపోలేదు."

"మర్చిపోవద్దులే" అంది. నవ్వింది కూడా.

తర్వాత ఆమెను ఒకటి రెండుసార్లు ఆలూరు సంతలో చూశాను. ఇంకా ఎన్ని బళ్ళు తిరిగిందో, సముద్రం ఎప్పుడైనా చూసిందో లేదో నాకు తెలియదు. తెలియనిది రాయను.

ఆ ఉగాదికి కొడుకు, కోడలు లారీ దిగారు. పండగ పొద్దున తలంటు పోసి మనవరాలికి జడ వేస్తున్నాను. కోడలు పక్కనే కూర్చుని ఉంది. పిల్ల నిమిషానికొకసారి తిరిగి అమ్మను చూసుకుంటోంది, జడ కుదరనివ్వడం లేదు. నా మనసులో ఒకటే గుబులు. తను నీళ్ళు పోస్తేనే అమ్మ వచ్చిందని ఇది లోపల లోపల అనుకుంటోందేమో. అట్లా అనుకుంటే వచ్చే యేడు దీని గతి ఏమి. టీచరమ్మ లేదు. చెప్పాల్సింది నేనే.

"ఇదో, వినవే. నువ్వు నీళ్ళు పోసినందుకు మీ అమ్మ రాలేదు. మిరపకోత అయిపోయింది, వచ్చింది. మళ్ళ పోతాది."

పండగ పూట అదేం మాట అన్నట్టు కోడలు నా వైపు ఉరిమి చూసింది. పిల్ల మాత్రం తల కూడా తిప్పలేదు.

"తెలుసులే అవ్వా. వాన పడినపొద్దే టీచర్‌ను అడిగినా. నీళ్ళు వస్తాయి, అమ్మ సంగతి నీళ్ళకు తెలీదు అని చెప్పింది" అని, రిబ్బను నా చేతికిచ్చి, "బిగించి వెయ్యి" అంది.